చైనా గోరింట, వరగోగు, చెన్నంగి: ఏ యింటికి ఏ మొక్క?

తొలకరి జల్లులు పడి నేల పదునైన వెంటనే గ్రామ పంచాయతీ నర్సరీలో సందడి మొదలగును. మూరెడు ఎత్తు మొక్కలు నల్లని సంచులలో వరుసలు తీరి యుండును. ఇంటింటికి పంచుటకు జాబితాలు తయారగును. ఆ సమయమున గృహస్థులు అడుగు ప్రశ్న తరచుగా ఒక్కటే: "ఇది పూలు పూయునా?" పూయునని చెప్పి మొక్కను చేతికిచ్చి పంపుదుము. అంతటితో మన పని తీరినదని తలంతుము.

కాని అంతకన్న ముందుగా అడుగవలసిన ప్రశ్న వేరొకటి యున్నది. "ఇది పెరిగి ఎంత యగును? మా పెరటిలో అంత చోటున్నదా?" సంచిలో నున్నప్పుడు ఒకే తీరుగా కనిపించు రెండు మొక్కలలో ఒకటి పది అడుగుల పొదగా నిలిచిపోవచ్చును, రెండవది యాబది అడుగుల మ్రానై ఇంటి కప్పును దాటిపోవచ్చును. ఈ రెండవ దానిని కరెంటు తీగల క్రింద నాటితిమనుకొందము. ఇల్లాలు నాలుగు వేసవులు బిందెలతో నీరు మోసి పెంచిన చెట్టును ఐదవ యేట నడుమకు నరుకవలసి వచ్చును. నీరు పోయెను, శ్రమ పోయెను, చెట్టు పోయెను. అన్నిటికంటె మించి, ఆ యింటివారికి పంచాయతీ ఇచ్చు మొక్కపై నమ్మకము పోయెను.

కావున మొక్కల ఎంపిక తోటమాలికి మాత్రమే సంబంధించిన విషయము కాదు; పంచాయతీ సభ్యులు చర్చించి నిర్ణయింపవలసిన విషయము. ఈ పాఠములో ఒకే జాతికి చెందిన మూడు పూలమొక్కలను తీసికొని, బెల్లంపల్లి చుట్టుపట్ల గ్రామములకు ఏది ఎక్కడ తగునో విచారింతము. ఆ మూడును చైనా గోరింట, వరగోగు, చెన్నంగి.

ఒకే యింటి మూడు బిడ్డలు

శాస్త్రజ్ఞులు ఈ మూడింటిని లాజర్‌స్ట్రోమియా అను ఒకే జాతిలో చేర్చిరి. స్వీడను దేశపు ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1759లో ఈ పేరు పెట్టెను. స్వీడను ఈస్టిండియా కంపెనీకి డైరెక్టరుగా నుండి, తూర్పు దేశముల నుండి మొక్కలను తెప్పించి లిన్నేయసునకు అందించిన లాజర్‌స్ట్రోమ్ అను మిత్రుని పేరే ఈ జాతికి నిలిచినది. చైనా గోరింటకు లిన్నేయసు 'ఇండికా' అను పేరు చేర్చినను, అది మొదట పుట్టినది చైనా మొదలైన తూర్పు దేశములలోనే.

తెలుగువారు దీనిని 'చైనా గోరింట' యనుటలో కొంత సత్యమున్నది. మన పెరటి గోరింటయు ఇదియు ఒకే కుటుంబమునకు చెందినవి. దానిమ్మయు, మన అడవులలో ఎఱ్ఱగా పూయు ధాతకియు ఆ కుటుంబములోనివే. అయితే చైనా గోరింట ఆకు నూరి పెట్టుకొనిన చేతులు పండవు. మొక్కను ఇచ్చునపుడే ఈ సంగతి ఆడవారికి తెలుపుట మంచిది. లేనిచో 'గోరింట' యని తీసికొనిపోయి మోసపోతిమని యనుకొందురు.

నర్సరీలవారు దీనిని 'క్రేప్ మిర్టిల్' అందురు. ముడుతలు పడిన క్రేపు పట్టుగుడ్డ వలె పూరేకులు నలిగి యుండుటచే ఆ పేరు వచ్చినది. హిందీ మాటలాడువారు శ్రావణమాసమున పూయునని 'సావనీ' యందురు. పేరేదైనను మొక్క ఒక్కటే. కొనునపుడు ఈ పేర్లన్నియు తెలిసియుండుట మేలు.

చైనా గోరింట స్వభావము

ఇది పొద లేక చిన్న చెట్టు. మొదటి నుండియే అనేక కాండములు లేచును. సాధారణముగా పది నుండి ఇరువది అడుగుల వరకు పెరుగును. మూడు నాలుగు అడుగులకు మించని పొట్టి రకములును కలవు. అవి కుండీలలో పెంచుటకు అనుకూలములు. తెలుపు, గులాబి, ఊదా, ఎఱుపు రంగుల పూల రకములు దొరకును. వేసవి చివర నుండి వానకాలమంతయు కొమ్మల కొనలందు గుత్తులుగా పూయును. చలికాలమున ఆకు రాల్చును. అపుడు నున్నని కాండముపై బెరడు పొరలుగా ఊడి లేతరంగు మచ్చలు కనిపించుటయు ఒక అందమే. ఆకు రాలినదని చూచి చచ్చినదని పెరికివేయరాదు. గోటితో బెరడును కొంచెము గీచిచూచిన లోపల పచ్చగా నుండును.

ఈ మొక్కకు రెండు నియమములున్నవి. మొదటిది ఎండ. దినమునకు కనీసము ఆరు గంటల యెండ తగులనిచో పూలు పలుచబడును, ఆకుపై బూడిద తెగులు వచ్చును. రెండవది నీరు నిలువని నేల. మురికి కాలువ ప్రక్కన బురదలో నాటరాదు. ఈ రెండు నియమములు పాటించిన యెడల మన ప్రాంతపు తీవ్రమైన వేసవిని తట్టుకొనగల మొక్క యిది.

ఇది పూజకు, మాలలకు అంతగా పనికివచ్చు పువ్వు కాదు. కోసిన కొంతసేపటికే రేకులు వాడి రాలును. తేనె కూడ ఉండదు; కాని పుప్పొడి కొఱకు తేనెటీగలు వచ్చును. పువ్వు నడుమ కనిపించు పసుపుపచ్చని పొట్టి కేసరములు వాటికి మేత వంటివి. పండు లేనందున కోతులకు దీనితో పని లేదు. కోతుల బెడదచే జామచెట్టు పెట్టుటకు భయపడు గ్రామములలో ఇదియు ఒక గుణమే యగును.

వరగోగు స్వభావము

వరగోగు పెద్ద చెట్టు. ముప్పది నుండి అరువది అడుగుల వరకు పెరుగును. ఆకులు పెద్దవి, పూలు కూడ పెద్దవి. ఒక్కొక్క పువ్వు రెండు అంగుళములకు మించి వెడల్పుండును. ఏప్రిలు నుండి జూను వరకు ఊదారంగు పూలతో చెట్టంతయు నిండియుండును. హిందీలో దీనిని 'జారుల్' అందురు. ప్రాణహిత ఆవలి యొడ్డుననున్న మహారాష్ట్రమునకు ఇదియే రాష్ట్రపుష్పము. వారు 'తామ్హణ్' అని పిలుతురు.

దీని జన్మస్థానములు పడమటి కనుమలు, అస్సాము, వంగదేశము మొదలైన వానలు మిక్కుటమైన ప్రాంతములు. అక్కడ వాగుల యొడ్డున సహజముగా పెరుగును. కావున దీనికి తడి యిష్టము. మన ప్రాంతములో వానలు వేయి మిల్లీమీటర్ల వరకు పడినను, అందులో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు లోపల కురిసిపోవును. ఏప్రిలు, మే నెలలలో ఎండ నలుబదియైదు డిగ్రీలకు చేరు దినములుండును. ఆ రెండు నెలలు నీరు పోయువారు లేనిచో లేత వరగోగు నిలువదు. చేతిపంపు వద్ద, నీళ్ల తొట్టి వద్ద, చెరువు కట్ట దిగువన, బడి ఆవరణములో కుళాయి ప్రక్కన దీనికి తగిన తావులు దొరకును.

దీని కలప మంచిది. పడవలకును, ఇండ్లకును వాడుదురు. ఫిలిప్పీను దీవులలో 'బనాబా' అను పేర దీని ఆకుతో కషాయము కాచి మధుమేహమునకు వాడు ఆచారము కలదు. దీనిని విని మన గ్రామములలో వైద్యుడిచ్చిన మందు మాని ఆకు త్రాగుట ఎంతమాత్రము తగదు. మనకు దీనివలన కలుగు నిజమైన లాభము నీడ.

చెన్నంగి స్వభావము

మూడవది మనదే. ఉత్తర తెలంగాణపు టేకు అడవులలో చెన్నంగిని ఎరుగని గూడెము ఉండదు. ఎఱ్ఱనేలలో, రాతినేలలో, ఎవరును నీరు పోయకయే పెరుగును. పూలు చిన్నవి, తెల్లనివి, సువాసన గలవి, వేసవిలో పూయును. కఱ్ఱ గట్టిది. వ్యవసాయపు పనిముట్లకును, గుంజలకును వాడుదురు. నరికిన మోడు నుండి మరల చిగిర్చును. చెన్నూరు ప్రాంతమున దసలి పట్టుపురుగులను ముఖ్యముగా నల్లమద్దిపై పెంచుదురు. ఆ పురుగు చెన్నంగి ఆకును కూడ తినును.

రంగురంగుల పూలు కోరు ఇంటిముందర చెన్నంగి సామాన్యముగా కనిపించవచ్చును. కాని వేసవిలో నీరు పోయు వసతి లేని చోట, పొలము గట్టున, ఊరిబయటి స్థలములలో ముగ్గురిలో దీనికే మొదటి స్థానమీయవలెను. మన గాలికి, మన నేలకు వేల ఏండ్లుగా అలవాటుపడిన చెట్టు ఇది.

ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. చెన్నంగి కావలెనని అడవిలోని మొలకలను పెరికి తేరాదు. లోతుగా దిగిన తల్లివేరు తెగుటచే అటువంటి మొక్కలు పదింట తొమ్మిది చచ్చును. పైగా అది అటవీ చట్టమునకు విరుద్ధము. అటవీశాఖ నర్సరీని ముందుగా కోరి, విత్తనముతో పెంచిన మొక్కలనే తీసికొనవలెను.

ఇతర దేశమువారి అనుభవము

చైనా గోరింట ఎంపికను అమెరికావారు ఒక శాస్త్రముగా చేసికొనిరి. అచ్చటి దక్షిణ రాష్ట్రములలో ఇది ఇంటింటి చెట్టు. అయితే బూడిద తెగులు వారిని చాలకాలము బాధించెను. 1956లో జపాను దేశపు యాకుషిమా ద్వీపము నుండి ఇదే జాతికి చెందిన వేరొక చెట్టు విత్తనములను అమెరికాకు తెచ్చిరి. ఆ చెట్టునకు బూడిద తెగులును ఓర్చు శక్తి యున్నది. వాషింగ్టనులోని జాతీయ వృక్షోద్యానమునందు డోనాల్డు ఎగోల్ఫ్ అను శాస్త్రజ్ఞుడు దానిని చైనా గోరింటతో సంకరపరచి అనేక క్రొత్త రకములను సృష్టించెను. 1978లో విడుదలైన తెల్లని 'నాచెజ్', లేత ఊదారంగు 'మస్కోగీ', 1981 నాటి గులాబి రంగు 'టస్కరోరా' అట్టివే. అమెరికా ఆదిమజాతుల పేర్లను వానికి పెట్టిరి.

ఈ రకములు మన నర్సరీలలో అరుదు. ఆ పేరు చీటీ కట్టి అమ్మినంత మాత్రమున నమ్మరాదు. కాని వారి పద్ధతిలో మనము నేర్వదగినది యొకటి కలదు. వారు రకములను వర్ణించునపుడు పూవు రంగుతో పాటు, చెట్టు పూర్తిగా పెరిగిన పిదప ఎంత ఎత్తగునో, తెగులును ఎంతవరకు ఓర్చునో తప్పక వ్రాయుదురు. పొట్టి పొద, నడిమి పొద, చిన్న చెట్టు అని ఎత్తును బట్టి విభజించి, కొనువాడు తన పెరటి కొలతను బట్టి ఎంచుకొనునట్లు చేయుదురు. ఆ క్రమము మన పంచాయతీ నర్సరీలోను సాధ్యమే. దానికి కావలసినది ఒక పలక, ఒక సుద్దముక్క మాత్రమే.

మూడిండ్లను తలచుకొందము

ఉదాహరణకు మూడిండ్లను ఊహించి ఈ విషయమును పరీక్షింతము.

మొదటి యింటిముందర గోడకును సిమెంటు రోడ్డుకును నడుమ ఎనిమిది అడుగుల చోటున్నది. పైన కరెంటు తీగలు పోవుచున్నవి. ఇక్కడ వరగోగు, చెన్నంగి రెండును కూడవు. ఎండ చక్కగా తగులు చోటైనచో పొట్టి లేక నడిమి రకపు చైనా గోరింటను గోడకు నాలుగైదు అడుగుల దూరమున నాటవచ్చును. నేల లేనిచో పెద్ద కుండీ చాలును. ఎదుటి మేడ నీడ పడి ఆరు గంటల యెండ దొరకనిచో చైనా గోరింట ఆశ మాని నందివర్ధనము నాటుట మంచిది. మొక్కను ఇచ్చుట కంటె ఇక్కడ వద్దనుటయే మేలు చేయుట.

రెండవ యింటి వెనుక విశాలమైన పెరడు కలదు. పడమటి వైపు ముప్పది అడుగుల ఖాళీ యున్నది. స్నానాల నీరు, అంట్లు కడిగిన నీరు అటే పారును. మధ్యాహ్నపు ఎండ గోడపై పడి ఇల్లు పొయ్యి వలె కాగును. ఇక్కడ వరగోగు తగును. ఇంటి గోడకు, నూతికి, మరుగుదొడ్డి గుంటకు ఇరువది అడుగుల దూరము పాటించి నాటిన యెడల కొన్ని యేండ్లలో ఆ గోడకు పడమటి ఎండ తగ్గును. ఇంటికి ముందువైపున ఒక చైనా గోరింటను కూడ ఇచ్చినచో అందమును నీడయు రెండును సమకూరును.

మూడవ యిల్లు ఊరి చివర చెల్కలో నున్నది. వేసవిలో త్రాగునీటికే దూరము పోవలెను. మొక్కకు నీరు పోయుమని ఆ యింటివారిని కోరుట న్యాయము కాదు. అక్కడ చెన్నంగి గాని, వేప గాని నాటి, ముండ్లకంచె కట్టి, మొదటి వేసవిలో మాత్రము పంచాయతీ ట్యాంకరు ద్వారా నీరందించు ఏర్పాటు చేయవలెను.

మూడిండ్లకును ఒకే మొక్కను పంచిన యెడల ఒక్క యింటనే బ్రతుకును. చోటు చూచి పంచిన యెడల మూడిండ్లలోను బ్రతుకును.

మొక్కలను సంపాదించుట

మన రాష్ట్రములోని నర్సరీలే గాక గోదావరి జిల్లాల కడియము నర్సరీలనుండియు పూలమొక్కలు లారీలలో తెలంగాణమంతటికి వచ్చుచున్నవి. కొనునపుడు ఈ మూడు ప్రశ్నలు అడుగవలెను: ఇది పొట్టి రకమా, పెద్ద రకమా? కొమ్మతో పెంచినదా, విత్తనముతో మొలిచినదా? తల్లి చెట్టు పువ్వు ఏ రంగు?

రెండవ ప్రశ్న ముఖ్యమైనది. చైనా గోరింట విత్తనముతో మొలిచినపుడు తల్లి రంగే వచ్చునని గాని, తల్లి ఎత్తే వచ్చునని గాని నమ్మకము లేదు. పొట్టి రకమని నాటినది పెద్దది కావచ్చును. కొమ్మ ముక్కతో పెంచినది మాత్రము తల్లిని పోలియుండును. పూలతో నున్న మొక్కను చూచి కొనినచో రంగు విషయమున సందేహముండదు.

ఇంకను మేలైన మార్గము పంచాయతీ నర్సరీలోనే కొమ్మలు నాటుకొనుట. ఊరిలో గాని, బెల్లంపల్లి పట్టణములో గాని ఎవరి యింటనైనను మంచి చైనా గోరింట చెట్టున్న యెడల వారి యనుమతితో జనవరి, ఫిబ్రవరి నెలలలో కత్తిరింపు సమయమున కొమ్మలు తెచ్చుకొనవచ్చును. పెన్సిలు లావు గల, ముదిరిన కొమ్మలను ఆరు నుండి ఎనిమిది అంగుళముల ముక్కలుగా కోయవలెను. అడుగుభాగమును కణుపు క్రిందను, పైభాగమును కణుపు పైనను కోయుట విధి. తలక్రిందులుగా నాటకుండుటకై అడుగును ఏటవాలుగా, పైభాగమును సమముగా కోయుదురు. సగము ఇసుక, సగము మన్ను కలిపిన సంచులలో మూడింట రెండు వంతులు దిగునట్లు గ్రుచ్చి, నీడలో నుంచి, తడి ఆరకుండ చూడవలెను. చిగురు వచ్చిన తోడనే వేరు వచ్చినదని తొందరపడి కదల్చరాదు. ఈ విధముగా పెంచిన మొక్కల రంగు, ఎత్తు పంచాయతీకి ముందే తెలిసియుండును. ఖర్చును స్వల్పమే.

వరగోగును విత్తనముతో పెంచవచ్చును. చలికాలమున ముదిరిన కాయలు పగులక మునుపే కోసి ఎండబెట్టిన, రెక్కలు గల తేలికైన గింజలు వచ్చును. అన్నియు మొలవవు గనుక కావలసినదానికి మించి చల్లవలెను. ఇంటికి పంచునపుడు రెండడుగులకు తక్కువైన మొక్కను ఇవ్వకుండుట మంచిది.

నాటుట, మొదటి రెండు వేసవులు

గుంటలు మే నెలలోనే త్రవ్వవలెను. చైనా గోరింటకు ఒకటిన్నర అడుగుల పొడవు, వెడల్పు, లోతు. చెట్లకు రెండున్నర అడుగులు చాలును. త్రవ్విన పైమన్నును ఒకవైపు, అడుగుమన్నును మరొకవైపు వేయవలెను. గుంట పదునైదు దినములు ఎండిన పిదప పైమన్నుతో బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. ఎఱ్ఱ చెల్కలలో చెదల బాధ యుండును గనుక ప్రతి గుంటకు ఒక దోసెడు వేపపిండి చేర్చుట మంచిది. పచ్చి పేడ వేసిన చెదలు చేరును. నల్లరేగడి నేలలో నీరు నిలువకుండ చైనా గోరింటను కొంచెము మెరకగా నాటవలెను.

రెండు మూడు మంచి వానలు కురిసి నేల లోతుగా తడిసిన తరువాత సాయంకాలమున నాటుట శ్రేయస్కరము. సంచిని తప్పక చింపి తీసివేయవలెను. సంచితోనే గుంటలో దింపిన మొక్కలు మరుసటి యేట చచ్చుట సభ్యులు చూచియే యుందురు. సంచిలో మన్ను ఎంతవరకున్నదో గుంటలోను అంతవరకే కప్పవలెను, కాండమును పూడ్చరాదు. గాలికి ఊగకుండ ఒక కఱ్ఱను పాతి వదులుగా కట్టవలెను. మేకల నుండి కాపాడుటకు తుమ్మ కంప చాలును.

మొదటి రెండు వేసవులే మొక్క ప్రాణమునకు పరీక్ష. దినదినము చెంబెడు నీరు పోయుటకంటె మూడు నాలుగు దినములకొకసారి రెండు బిందెలు పోయుట మేలు. చెంబెడు నీరు పైపొరను తడిపి ఆవిరియగును. వేళ్లు పైకి వచ్చును. రెండు బిందెల నీరు లోతుకు దిగును. వేళ్లు దానిని వెదకికొని పోవును. పాదులో నాలుగంగుళముల మందమున ఎండుటాకులు గాని వరిగడ్డి గాని పరచి, కాండమునకు తగులకుండ జరిపియుంచిన తేమ నిలుచును. సబ్బునీటిని నేరుగా పాదులోకి విడువరాదు. బొగ్గు లారీలు తిరుగు దారుల ప్రక్కనున్న యిండ్లవారు పదిదినములకొకసారి ఆకులపై నీరు చల్లి దుమ్ము కడుగుట మంచిది.

కత్తిరింపు, తెగుళ్లు

చైనా గోరింట ఆ యేటి క్రొత్త కొమ్మలపైననే పూయును. కావున ఆకు రాలియున్న జనవరి, ఫిబ్రవరి నెలలలో కత్తిరింపవలెను. చిగురించిన పిదప వేసవిలో కొమ్మలు నరికిన యెడల ఆ యేటి పూలను నరికినట్లే. ఎండిన కొమ్మలు, ఒకదానితో నొకటి రాసుకొను కొమ్మలు, పెన్సిలు కంటె సన్నని కొమ్మలు, అడుగునుండి అనవసరముగా లేచు పిలకలు తీసివేయవలెను. చెట్టును నడుమకు మొద్దుగా నరుకుట పెద్ద తప్పు. అట్లు నరికినచోట బలహీనమైన కొమ్మలు గుంపుగా లేచి, పూల బరువునకు వానలో వంగి విరుగును. ఏటేట నరుకవలసి వచ్చుచున్నదనిన చెట్టుది తప్పు కాదు. ఆ చోటికి పెద్ద రకమును ఎంచిన మనది తప్పు.

వాడిన పూగుత్తులను కాయ కట్టక మునుపే త్రుంచిన మరల క్రొత్త చిగురు వచ్చి రెండవ పూత పూయును. యూరియా ఎక్కువ వేసిన ఆకు పెరుగును గాని పూలు తగ్గును. ఏడాదికి ఒకసారి గంపెడు పశువుల ఎరువు చాలును.

వానలు వెనుకబడి రాత్రులు చల్లబడునపుడు ఆకులపై తెల్లని పొడి కనిపించిన అది బూడిద తెగులు. నీడలో, గాలి ఆడని చోట ఇది ఎక్కువ. తెగులు సోకిన కొనలను కత్తిరించి తీసివేసి, అవసరమైనచో లీటరు నీటికి మూడు గ్రాముల చొప్పున నీటిలో కరుగు గంధకమును కలిపి చల్లవచ్చును. తీవ్రమైన ఎండలో గంధకము చల్లిన ఆకు మాడును. ఆకులు జిగటగా నుండి నల్లబడిన అది పేనుబంక వలన వచ్చిన మసి. వేపనూనెను లీటరుకు ఐదు మిల్లీలీటర్ల చొప్పున కొంచెము సబ్బునీటితో కలిపి ఆకుల అడుగు తడియునట్లు చల్లవలెను. సందేహమున్న యెడల బెల్లంపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రమునకు ఆకు కొమ్మను తీసికొనిపోయి చూపుట ఉత్తమము.

పంచాయతీ చేయవలసిన పని

మన దేశమున 1950లో కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించిన నాటినుండి ఏటేట మొక్కలు నాటుచునే యున్నాము. తెలంగాణములో 2015లో హరితహారము మొదలైనది. 2018 నాటి తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టము నర్సరీ పెంపకమును, నాటిన మొక్కల రక్షణమును గ్రామ పంచాయతీ బాధ్యతగా చేసినది. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనన్న నియమమును పెట్టినది. అనగా లెక్క నాటిన దినమున కాదు, బ్రతికిన మొక్కను బట్టి చూడవలెను. ఆ లెక్క తప్పకుండ వచ్చుటకు మొదటి మెట్టు సరియైన ఎంపికయే.

అందుకై సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. ఏప్రిలు నెలలో ప్రతి సభ్యుడు తన వార్డులోని యిండ్లను ఒకసారి తిరిగి చూడవలెను. ప్రతి యింటికి నాలుగు సంగతులు వ్రాసికొనవలెను: ఖాళీ చోటు ఎన్ని అడుగులు, పైన తీగలున్నవా, ఎండ ఎన్ని గంటలు, వేసవిలో నీరు పోయునది ఎవరు. నాలుగవ ప్రశ్నకు ఇంటిలోని ఆడవారిని అడిగిననే నిజమైన సమాధానము దొరకును. ఆ పుస్తకమును బట్టి ఎన్ని పొట్టి మొక్కలు, ఎన్ని పెద్ద మొక్కలు కావలెనో నర్సరీకి ముందుగా తెలుపవలెను. నర్సరీలో ప్రతి వరుస ముందర మొక్క పేరు, పెరుగు ఎత్తు, ఇంటి గోడకు నాటవలసిన దూరము పలకపై వ్రాసియుంచవలెను. మరుసటి ఏప్రిలులో అదే పుస్తకముతో మరల తిరిగి, బ్రతికినవి ఎన్ని, చచ్చినవి ఎందుచేత చచ్చినవి వ్రాసికొనవలెను. రెండేండ్ల లెక్క చేతనున్న పంచాయతీకి తన ఊరి నేల సంగతి మరెవరును చెప్పనక్కరలేదు.

ఇంకొక హెచ్చరిక. పూలమొక్క కంటికి ఇంపు; కాని కూరకు రాదు. ఇంటికి ఇచ్చు మొక్కలలో కరివేపాకు, మునగ, నిమ్మ వంటివి ముందుండవలెను. వాటితో పాటు ఒక్క పూలచెట్టు చాలును. ఆ ఒక్కటి తగినదై యుండవలెనన్నదే ఈ పాఠము సారము.

గనిలో రాత్రి డ్యూటీ చేసి ఉదయమున ఊరికి తిరిగివచ్చు కార్మికునికి, ఎండలో కలుపు తీసి వచ్చు కూలి తల్లికి, తన వాకిట పూచిన చెట్టు కలిగించు సంతోషమునకు వెల కట్టలేము. ఆ చెట్టు పదేండ్లకు, ఇరువదేండ్లకు అక్కడే నిలిచియుండవలెను. నిలుచునా, నరుకబడునా అనునది మొక్కను చేతికిచ్చు దినముననే చాలవరకు నిర్ణయమగును. ఆ నిర్ణయము పంచాయతీ సభ్యుల చేతిలో నున్నది.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామములో కరెంటు తీగల క్రింద నాటబడి ఏటేట నరుకబడుచున్న చెట్లు ఎన్ని? వాని స్థానములో ఏ మొక్కలు తగును?

2. మన నర్సరీలో ప్రతి మొక్క ముందర అది పెరుగు ఎత్తు వ్రాసియున్నదా? లేనిచో ఆ పని ఎవరు, ఎప్పటిలోగా చేయుదురు?

3. గత సంవత్సరము ఇండ్లకు పంచిన మొక్కలలో బ్రతికినవి ఎన్ని? చచ్చినవానికి చోటు తప్పా, నీరు తప్పా, మొక్క తప్పా?

4. వేసవిలో నీటి వసతి లేని యిండ్లు ఎన్ని? వానికి మొదటి వేసవిలో నీరందించు ఏర్పాటు ఏమి?